డివల్జ్ చేసింది సరే... ఏమిటి? ఎవరికి?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. ఇంగ్లిష్ పరీక్షలో ‘డివల్జ్’ అనే మాటతో సొంతవాక్యం రాయమన్నారు. నిఘంటువులో ‘బయటపెట్టు, వెల్లడించు’ అని చూసిన గుర్తు ఉంది కాబట్టి ధైర్యంగా ‘మై ఫ్రెండ్ డివల్జ్డ్ మీ అబౌట్ హర్ లవ్’ అని రాశాను. సున్నా వేశారు. మేడమ్‌ని అడిగితే ‘అలా వాడరమ్మా’ అన్నారు. ఎలా వాడతారో అడిగేలోపు బెల్ కొట్టేశారు. తప్పు ఎక్కడుందో చెప్పండి. రివీల్, డిస్‌క్లోజ్, డివల్జ్ మూడింటికీ నిఘంటువు ఒకే అర్థం చెబుతుంటే మూడు మాటలు ఎందుకు? పలకడం కూడా కొందరు ‘డివల్జ్’ అంటారు, కొందరు ‘డైవల్జ్’ అంటారు. ఏది సరైనది?
— ఒక పాఠకురాలు

జవాబు: చివరి ప్రశ్న తేలికది, ముందు దాన్ని వదిలించుకుందాం. రెండూ సరైనవే. ‘డి’ అన్నా ‘డై’ అన్నా ఎవరూ తప్పుపట్టరు. పలకడంలో నొక్కు మాత్రం రెండో ముక్క మీద, ‘వల్’ మీద పడాలి. చివర ‘జడ్జ్’లో వినిపించే జ్. ‘డైవల్గ్’ అనేవాళ్లను కూడా విన్నాను. అది మాత్రం వద్దు.

ఇక నీ వాక్యం. సున్నా వేయడం కొంచెం కఠినమే అమ్మా. మాట అర్థం నీకు తెలుసు. తప్పంతా ‘మీ’, ‘అబౌట్’ అనే రెండు చిన్న మాటల్లో ఉంది. ఆ రెండూ నువ్వు ఇంగ్లిష్‌లోంచి తెచ్చినవి కావు, తెలుగులోంచి తెచ్చినవి. ‘నా ఫ్రెండ్ తన ప్రేమ గురించి నాకు చెప్పింది’ అని మనసులో అనుకున్నావు. ‘నాకు’ ఉన్నచోట ‘మీ’ పెట్టావు, ‘గురించి’ ఉన్నచోట ‘అబౌట్’ పెట్టావు, ‘చెప్పింది’ని తీసేసి అక్కడ ‘డివల్జ్డ్’ అతికించావు. ‘చెప్పింది’కి ‘టోల్డ్’ రాసి ఉంటే వాక్యం నిక్షేపంలా ఉండేది. ‘షీ టోల్డ్ మీ అబౌట్ హర్ లవ్’. టెల్ ఆ రెండు మాటలనూ మోస్తుంది. డివల్జ్ మోయదు.

డివల్జ్ పక్కన, మధ్యలో ఇంకెవరినీ రానివ్వకుండా, బయటపెట్టిన విషయమే కూర్చోవాలి. ‘షీ డివల్జ్డ్ హర్ సీక్రెట్’. ఎవరికి అన్నది చెప్పాలనుకుంటే తర్వాత ‘టు’ పెట్టి చెప్పుకోవచ్చు: ‘షీ డివల్జ్డ్ హర్ సీక్రెట్ టు మీ’. ఎవరికో చెప్పకపోయినా పర్వాలేదు, ఏమిటో చెప్పకపోతే కుదరదు. ‘షీ డివల్జ్డ్’ అని ఆపేస్తే వినేవాడు నోరు తెరుచుకుని మిగతా సగం కోసం చూస్తుంటాడు. ఇక ‘డివల్జ్డ్ మీ’ అంటే ఇంగ్లిష్ చెవికి ‘నన్ను బయటపెట్టింది’ అని వినిపిస్తుంది, అప్పటిదాకా నిన్నే ఏ బీరువాలోనో దాచినట్టు.

ఈ గుణం డివల్జ్ ఒక్కదానిదే కాదు. రివీల్, డిస్‌క్లోజ్, కన్ఫెస్, మెన్షన్, ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్ అన్నీ ఈ గుంపులోవే. ‘ఎక్స్‌ప్లెయిన్ మీ దిస్ లెసన్’ అని మనం రోజూ అనేస్తుంటాం. అదీ ఇదే పొరపాటు. టెల్, గివ్, షో లాంటి పొట్టి మాటలు పాత ఇంగ్లిష్‌లో పుట్టి పెరిగినవి. అవి మనిషిని పక్కనే కూర్చోబెట్టుకుంటాయి. లాటిన్ నుంచో ఫ్రెంచ్ నుంచో వచ్చిన పొడుగు మాటలు మనిషిని ‘టు’ అనే గుమ్మం దగ్గరే నిలబెడతాయి. అన్నీ కాదులే, ప్రామిస్ అక్కడి నుంచే వచ్చింది కానీ ‘ప్రామిస్ మీ సమ్‌థింగ్’ అంటే ఏమీ అనుకోదు. అయినా తెలియని క్రియ ఎదురైనప్పుడు ఈ గుర్తు చాలాసార్లు కాపాడుతుంది.

‘అబౌట్’ సంగతి ఇంకా సులువు. ‘రహస్యం గురించి బయటపెట్టాడు’ అని తెలుగులో మాత్రం అంటామా? ‘రహస్యం బయటపెట్టాడు’ అంటాం. నీ తంటా అంతా మనసులో ‘చెప్పు’ అనే క్రియ తిరుగుతుండటం వల్ల వచ్చింది. డివల్జ్ వాడేటప్పుడు ‘చెప్పు’ని పక్కనపెట్టి ‘బయటపెట్టు’ అనుకో. మన వ్యాకరణమే నిన్ను సరైన చోట దించుతుంది. అబౌట్ కావాల్సిందే అనిపిస్తే ముందు ఒక నామవాచకం తెచ్చిపెట్టు: ‘షీ డివల్జ్డ్ సమ్ డీటెయిల్స్ అబౌట్ హర్ లవ్’. ఇక్కడ అబౌట్ డీటెయిల్స్‌కి చెందింది, డివల్జ్‌కి కాదు. గొడవ లేదు.

‘బయటపెట్టు’ అనుకోవడంలో ఇంకో లాభం కూడా ఉంది. మనకు బయటపెట్టు, బయటపడు అని రెండున్నాయి. ఒకటి మనిషి చేసే పని, రెండోది విషయం తనంతట తాను వెలికి రావడం. గుట్టు రట్టు చేశారు, గుట్టు రట్టయింది. డివల్జ్‌కి ఆ రెండో సగం లేదు. ‘ద సీక్రెట్ డివల్జ్డ్’ అనకూడదు. ‘ద సీక్రెట్ వాజ్ డివల్జ్డ్’ అంటే సరి, అంటే ఎవరో బయటపెట్టారని. ఎవరూ పెట్టకుండా దానంతటదే పొక్కితే అప్పుడు లీక్ ఉంది. అది రెండు పనులూ చేస్తుంది: ‘హి లీక్డ్ ద న్యూస్’, ‘ద న్యూస్ లీక్డ్’. పేపర్ లీక్ చేశారు, పేపర్ లీకయింది అని మనం రెండు రకాలుగానూ అనగలుగుతున్నాం కాబట్టే ఆ మాట తెలుగులో అంత సుఖంగా స్థిరపడిందేమో అని నా అనుమానం.

డివల్జ్ పక్కన కూర్చునే విషయం ఒక్క మాటే కానక్కర్లేదు, చిన్న వాక్యమే కావచ్చు. ‘హి డివల్జ్డ్ దట్ ద లెటర్ వాజ్ ఫేక్’, ఆ ఉత్తరం దొంగదని బయటపెట్టాడు. ‘షీ వుడ్ నాట్ డివల్జ్ వేర్ ద కీ వాజ్’, తాళంచెవి ఎక్కడుందో చెప్పదల్చుకోలేదు. దట్, వేర్, హూ, వాట్, హౌ ఏదైనా నడుస్తుంది.

ఇక అర్థం దగ్గరికి. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఈ మాటతో నాది పాత పరిచయం.

నేను మాస్టారిని కాను. పాఠకులు అలా పిలుస్తుంటే కాదనలేక ఊరుకున్నాను. ముప్పై ఏళ్ల పైచిలుకు పత్రిక డెస్కు మీద సబ్ ఎడిటర్‌గా ఇంగ్లిష్ ఏజెన్సీ వార్తలు తెలుగు చేసినవాణ్ణి. చేరిన కొత్తలో టెలీప్రింటర్, అంటే ఏజెన్సీ పంపిన వార్తలను మా ఆఫీసులో అచ్చుకొట్టే యంత్రం, రాత్రంతా టకటకమంటూ మూరలకొద్దీ కాగితం కక్కేది. దాన్ని చింపి, ముక్కలు చేసి, ఎవరి ముక్క వాళ్ల ముందు పడేసేవారు. తెలియని మాటల కోసం నేనొక అట్టల పుస్తకం పెట్టుకున్నాను. మాట కనిపించిన వాక్యం మొత్తం అందులోకి ఎక్కించేవాణ్ణి. డివల్జ్ పేజీ నిండిన రోజున ఊరికే పైనుంచి కిందికి చదివితే ఒక తమాషా కనిపించింది. ‘రిఫ్యూజ్డ్ టు డివల్జ్’, ‘డిక్లైన్డ్ టు డివల్జ్’, ‘వుడ్ నాట్ డివల్జ్’, ‘వితౌట్ డివల్జింగ్’. బయటపెట్టడం అనే అర్థమున్న మాట, కానీ ఆ పేజీలో బయటపెట్టినవాడు దాదాపు ఒక్కడూ లేడు. అందరూ నోరు కుట్టేసుకున్నవాళ్లే.

తెలుగు పేపర్లో నువ్వు రోజూ చదివే ‘వివరాలు వెల్లడించేందుకు నిరాకరించారు’, ‘పేరు వెల్లడించడానికి ఇష్టపడని అధికారి ఒకరు’ లాంటి వాక్యాలు మా డెస్కులు తయారుచేసినవే. వాటి వెనక ఉన్న ఇంగ్లిష్ చాలాసార్లు ఇదే. డివల్జ్ తర్వాత వచ్చే మాటలు కూడా ఎప్పుడూ ఒక పది పదిహేనే: డీటెయిల్స్, ఐడెంటిటీ, సోర్స్, కంటెంట్స్, టర్మ్స్, పాస్‌వర్డ్. అన్నీ ఎవరో ఒకరు గుప్పిట్లో పట్టుకుని ఉన్నవే.

వైద్యుల ప్రతిజ్ఞ అని ఒకటుంది, ప్రాచీన గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరు మీద నడిచేది. దాన్ని 1849లో ఫ్రాన్సిస్ ఆడమ్స్ అనే డాక్టరు ఇంగ్లిష్ చేశాడు. వైద్యం చేసేటప్పుడైనా, కాకపోయినా మనుషుల జీవితాల్లో చూసినవి, విన్నవి, బయట మాట్లాడకూడనివి ఏవైనా ఉంటే, ‘ఐ విల్ నాట్ డివల్జ్’ అన్నాడు. చూశావా, అక్కడ కూడా ‘నాట్’. మాట పక్కన కాపలాదారుడిలా నిలబడి ఉంది.

అందుకే డివల్జ్ అంటే ఉత్త చెప్పడం కాదు. చెప్పేవాడి చేతిలో ఒక విషయం ఉండాలి. అతను దాన్ని దాచగలిగి ఉండాలి, చాలాసార్లు దాచాల్సిన బాధ్యత కూడా ఉండాలి. అన్నీ ఉండి నోరు విప్పితే అది డివల్జ్. రేపు వాన పడుతుందని వాతావరణ శాఖ డివల్జ్ చేయదు, అందులో దాచేదేముంది?

పుట్టుక వింటే ఇంకా ముచ్చటేస్తుంది. లాటిన్‌లో ‘వల్గస్’ అంటే జనసామాన్యం. జనంలోకి వదలడం, నలుగురిలో పరచడం ‘డివల్గారే’. వల్గర్ అనే మాటా ఆ ఇంటిదే, మొదట్లో దానికి ‘మామూలు జనానికి సంబంధించిన’ అని తప్ప చెడ్డ అర్థం లేదు. నాలుగో శతాబ్దం చివర్లో సెయింట్ జెరోమ్ మొదలుపెట్టిన లాటిన్ బైబిల్‌ను వల్గేట్ అంటారు, అదీ ఈ కుటుంబమే. లాటిన్‌లో ఉన్న ‘గ’ వల్గర్‌లో అలాగే నిలిచింది, డివల్జ్‌లో వెనక ‘ఇ’ అక్షరం తగిలి ‘జ’ అయింది.

మనకు సరిగ్గా ఇలాంటిదే ఒకటుంది, ‘రచ్చకెక్కడం’. రచ్చ అంటే ఊరివాళ్లు కూర్చుని తీర్పులు చెప్పుకునే చోటు. ఇంట్లో ఉండాల్సిన మాట అక్కడికి చేరితే ‘రచ్చకెక్కింది’ అన్నాం. లాటిన్‌వాడి డివల్గారే అక్షరాలా రచ్చకెక్కించడమే. ఇంగ్లిష్‌లోకి వచ్చిన కొత్తలో, అంటే పదిహేనో శతాబ్దంలో, దానికి బహిరంగంగా చాటడం అనే అర్థమే ఉండేది, రహస్యం ఉండాలన్న నియమమేమీ లేదు. షేక్‌స్పియర్ ‘ట్వెల్ఫ్త్ నైట్’ నాటకం 1623లో అచ్చయింది. అందులో ఒలీవియా ఒక ప్రభువు గురించి ‘ఇన్ వాయిసెస్ వెల్ డివల్జ్డ్’ అంటుంది. అతని రహస్యాలు బయటపడ్డాయని కాదు. అతనికి నలుగురి నోట మంచి పేరుందని. స్పానిష్‌లో ఇప్పటికీ ‘డివుల్గార్’ అంటే జనంలోకి తీసుకెళ్లడమే. సైన్సును మామూలు పాఠకులకు అర్థమయ్యేలా రాసేవాళ్ల పనికి వాళ్లు వాడే మాట అదే. ఇంగ్లిష్‌లో మాత్రం అది రచ్చ దిగి, చెవిలో గుసగుస దాకా కుంచించుకుపోయింది. ఇప్పుడు ఒక్క మనిషికి చెప్పినా డివల్జే.

ఇప్పుడు నీ మూడు మాటల సంగతి. రివీల్ ఈ ముగ్గురిలో పెద్ద మనసున్నది. దాని లాటిన్ మూలంలో ‘తెర’ ఉంది, తెర తొలగించడం దాని పని. వెనక ఏముందన్నది దానికి పట్టదు. రహస్యమైనా సరే, విరిగిన ఎముకైనా సరే. ‘ద ఎక్స్‌రే రివీల్డ్ ఎ ఫ్రాక్చర్’ అంటాం. ‘ద ఎక్స్‌రే డివల్జ్డ్’ అంటే నవ్వుతారు, ఎక్స్‌రే నోరు మూసుకుని కూర్చోగల మనిషి కాదు కాబట్టి. ఏది వాడాలో తేలనప్పుడు ఈ పరీక్ష పెట్టుకో: చెప్పేది మనిషేనా, కావాలంటే చెప్పకుండా ఉండగలిగేవాడేనా? కాకపోతే డివల్జ్ వద్దు. రివీల్‌కి ఇంకో వెసులుబాటు ఉంది. ‘ద లెటర్ రివీల్డ్ హిమ్ టు బి ఎ చీట్’ అనొచ్చు, అతను మోసగాడని ఉత్తరం తేల్చేసింది. డివల్జ్‌ని అలా వాడలేం. పైగా రివీల్ ఈ మధ్య నామవాచకం కూడా అయిపోయింది. వీడియోల్లో ‘ఫేస్ రివీల్’ అంటున్నారు కదా.

డిస్‌క్లోజ్ ఆఫీసు మాట. సంతకాలు, ఫారాలు, షరతులు ఉన్నచోట తిరుగుతుంది. మీకు వేరే కంపెనీలో వాటా ఉంటే డిస్‌క్లోజ్ చేయండి, పాత జబ్బులుంటే డిస్‌క్లోజ్ చేయండి అంటారు. చేరేముందు సంతకం పెట్టించుకునేది నాన్ డిస్‌క్లోజర్ అగ్రిమెంట్. నా లెక్కలో చెప్పాల్సింది చెబితే డిస్‌క్లోజ్, చెప్పకూడనిది చెబితే డివల్జ్. ఈ గీతను రెండు మాటలూ అప్పుడప్పుడు దాటుతుంటాయి. అయినా ఎటు మొగ్గాలో తెలియనప్పుడు ఇది పనికొస్తుంది.

అన్నట్టు, నీ వాక్యానికి ఈ మూడూ సరిపోవు. నీ ఫ్రెండ్ తన సొంత సంగతి నిన్ను నమ్మి నీకు చెప్పుకుంది. దానికి ఇంగ్లిష్‌లో వేరే మాటే ఉంది, కన్ఫైడ్. లోపల ఉన్నది ‘నమ్మకం’ అనే లాటిన్ మాట, కాన్ఫిడెన్స్‌లో ఉన్నదే. ‘షీ కన్ఫైడెడ్ టు మీ దట్ షీ వాజ్ ఇన్ లవ్’, లేదా ఊరికే ‘షీ కన్ఫైడెడ్ ఇన్ మీ’. ప్రపంచ వైద్య సంఘం 1948లో జెనీవాలో రాసుకున్న వైద్యుల ప్రతిజ్ఞలో రోగుల రహస్యాలను ‘సీక్రెట్స్ విచ్ ఆర్ కన్ఫైడెడ్ ఇన్ మీ’ అన్నారు. రోగి చేసేది కన్ఫైడ్. డాక్టరు చేయకూడనిది డివల్జ్. అలాగే నీ ఫ్రెండ్ చేసింది కన్ఫైడ్. దాన్ని నువ్వు పరీక్ష పేపర్లో రాసి మేడమ్‌కి చూపించావే, అది డివల్జ్.

ప్రశ్న: మా చెల్లికి నోట్లో నువ్వుగింజ నానదు. ఏదీ కావాలని చెప్పదు, పాపం మాటల్లో దొర్లిపోతుంది. దీనికి డివల్జ్ అనొచ్చా?
— ఇంకో పాఠకురాలు

జవాబు: అనకండి, ఆ అమ్మాయికి అన్యాయం జరుగుతుంది. డివల్జ్‌లో తెలిసి చేసిన వాసన ఉంటుంది. నోరు జారడానికి ‘లెట్ స్లిప్’ ఉంది: ‘షీ లెట్ స్లిప్ దట్ వుయ్ వర్ మూవింగ్’, మేం ఇల్లు మారుతున్న సంగతి నోరు జారింది. ఉద్వేగంలో ఆగలేక కక్కేస్తే ‘బ్లర్ట్ అవుట్’. రెండింటికీ తేడా ఉంది. లెట్ స్లిప్‌లో తను చెప్పేసిన సంగతి ఆమెకే తెలియకపోవచ్చు. బ్లర్ట్ అవుట్‌లో చెప్పిన మరుక్షణం నాలుక కరుచుకుంటుంది. ఇక నువ్వుగింజ నానకపోవడానికి ఉన్నంతలో దగ్గరిది ‘షీ కాంట్ కీప్ ఎ సీక్రెట్’. అర్థం అందింది కానీ రుచి లేదు. కోపంగా ఉన్నప్పుడైతే ‘బ్లాబర్‌మౌత్’ అనండి, ఆమె వినకుండా.

ప్రశ్న: ‘స్పిల్ ద బీన్స్’ అనే జాతీయం ప్రాచీన గ్రీకుల ఓటింగ్ నుంచి వచ్చిందని చదివాను. గింజలు వేసి ఓట్లు వేసేవారట, కుండ ఒలికితే ఫలితం ముందే తెలిసిపోయేదట. నిజమేనా?

జవాబు: కథ బాగుంది, అదే దాని మీద నాకున్న అనుమానం. గ్రీకుల కాలానికీ ఈ జాతీయానికీ మధ్య రెండు వేల ఏళ్ల ఖాళీ ఉంది. రహస్యం చెప్పేయడం అనే అర్థంలో ఇది ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా ఇంగ్లిష్‌లో కనిపిస్తుంది. మధ్యలో అన్ని శతాబ్దాలు ఎవరి నోటా పలకకుండా ఎక్కడ దాక్కుందట? ‘స్పిల్’ అంటే ఒలకబోయడం. రహస్యాన్ని ఒలకబోయడం అనే ఊహకు గ్రీకులు దాకా పోనక్కర్లేదు. ‘లెట్ ద క్యాట్ అవుట్ ఆఫ్ ద బ్యాగ్’కి కూడా సంతలో పందిపిల్ల అని చెప్పి సంచిలో పిల్లిని అమ్మారని ఒక కథ చెబుతారు. ఆ జాతీయం పద్దెనిమిదో శతాబ్దం నుంచి ఉంది, ఆ కథకు మాత్రం రుజువు లేదు. వాడుకలో రెండూ సరదా మాటలు, ఆఫీసు ఉత్తరాల్లో రాయకండి.

ప్రశ్న: డివల్జ్‌కి నామవాచకం ఏమిటి?

జవాబు: డివల్జెన్స్ అని ఉంది, డివల్గేషన్ అని కూడా ఉంది. రెండూ నిఘంటువులో నిద్రపోతుంటాయి. లేపకండి. డిస్‌క్లోజర్ రాసి ముందుకు పొండి.

ప్రశ్న: బిట్రే అంటే ద్రోహం చేయడం అని నేర్చుకున్నాను. ఒక కథలో ఒకావిడ ప్రశాంతంగా మాట్లాడుతుంటుంది, కానీ ‘హర్ హ్యాండ్స్ బిట్రేడ్ హర్’ అని ఉంది. చేతులు ద్రోహం చేయడమేమిటి సార్?
— ఉద్యోగ పరీక్షలకు చదువుతున్న ఒక పాఠకుడు

జవాబు: బాబూ, ఈ గోతిలో నేను మీకంటే ముందు పడ్డాను కాబట్టి సవివరంగా చెబుతాను.

బిట్రే మూలంలో ఉన్న లాటిన్ మాటకు ‘అప్పగించు’ అని అర్థం. కోటను శత్రువుకు అప్పగిస్తే ద్రోహం. రహస్యాన్ని అప్పగించినా ద్రోహమే, ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అని మనం అనేది ఆ రకం బిట్రేనే. అయితే మనిషి దాచాలనుకున్నదాన్ని అతని గొంతో, చేతులో, యాసో అప్పగించేస్తే? దానికి తెలుగులో బ్రహ్మాండమైన మాట ఉంది: పట్టిచ్చింది. ‘ఏం లేదన్నాడు కానీ గొంతు పట్టిచ్చింది’ అంటాం కదా. ఆవిడ మాటలు నిబ్బరంగానే ఉన్నాయి, వణుకుతున్న చేతులు పట్టిచ్చాయి. అంతే సంగతి. డివల్జ్ మనిషి ఇష్టపడి చేసేది, ఈ బిట్రే మనిషి ప్రమేయం లేకుండా ఒళ్లు చేసేది.

నేను ఈ మాట నేర్చుకున్నది ఒక కోర్టు వార్తతో. డెస్కులో చేరి ఏడాది కూడా కాలేదు. మొదటి ఎడిషన్‌కి పది నిమిషాలుందనగా ఏజెన్సీ కాపీ నా ముందు పడింది. తీర్పు వింటున్నప్పుడు నిందితుడి గురించి ‘హిజ్ ఫేస్ బిట్రేడ్ నో ఎమోషన్’ అని ఉంది. నిఘంటువు తీసే టైమ్ లేదు, బిట్రే అంటే ద్రోహమని నాకు తెలుసు కూడా. ‘తీర్పు వింటున్నంతసేపూ ఆయన ముఖం ఏ భావానికీ ద్రోహం చేయలేదు’ అని రాసి ఇచ్చేశాను. ఎలా దాటిపోయిందో గానీ దాటిపోయింది, అచ్చయింది.

మర్నాడు సాయంత్రం డ్యూటీకి వెళ్లేసరికి చీఫ్ సబ్ గారు పేపర్‌ను నాలుగు మడతలు పెట్టి, ఆ వార్త పైకి వచ్చేలా టేబుల్ లైటు కింద ఉంచారు. ఏమీ అనలేదు. అందరూ వచ్చి కూర్చున్నాక ఆ వాక్యం ఒక్కటీ పైకి చదివారు, వార్తలు చదివే గొంతుతో, విరామాలతో సహా. టేబుల్ చుట్టూ నవ్వులు. తర్వాత ఎర్ర పెన్సిల్ తీసి ఆ వాక్యం పక్కన ‘ముఖంలో ఏ భావమూ బయటపడలేదు’ అని రాసి నా వైపు జరిపారు. నేను చాలా నిబ్బరంగా తలూపి, గుండుసూదుల డబ్బా దగ్గరికి లాక్కుని సూదులు ఒకవైపుకి సర్దడం మొదలుపెట్టాను. పైకి ఏమీ తెలియనివ్వలేదనే అనుకున్నాను.

అప్పుడే కాపీలు చింపి తెచ్చే అటెండర్ కుర్రాడు నా ముందు కాగితాలు పడేస్తూ ఆగి, ‘చెవులు అంత ఎర్రగా ఉన్నాయేంటి సార్, జ్వరమా?’ అన్నాడు.